ఓడెక్కిన ఆడవాళ్లు, ఒడ్డు దాటని బొమ్మలు

ఆ బొమ్మలో నా కన్ను ముందు పడింది కాబేజీల మీద. ఓడ అంచున కట్టిన వలకి వరసగా వేలాడదీసిన కాబేజీలు. నెలల తరబడి సాగే ప్రయాణంలో తాజా కూర తినేది మొదటి కొన్నాళ్లే, తర్వాత అంతా ఉప్పులో ఊరినదీ ఎండినదీ. కాబేజీల వెనక మొగుడూ పెళ్లాం కూర్చుని ఉన్నారు. సముద్రపు తుంపర మీద పడకుండా గొడుగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె తలకట్టు టోపీకున్న ఎర్రటి రిబ్బన్లు గాలికి ఎగురుతున్నాయి. గ్లవ్ వేసుకున్న చెయ్యి మొగుడి చేతిలో ఉంది. రెండో చేతికి గ్లవ్ లేదు. శాలువా చీలికలోంచి బయటికొచ్చిన ఒక బుల్లి చేతిని ఆ చేత్తో పట్టుకుంది. చంటిబిడ్డ మొహం మనకి కనపడదు, చెయ్యొక్కటే. తొందరగా చూసి వెళ్లిపోయేవాళ్లకి ఆ చెయ్యి కూడా కనపడదు.

ఇంగ్లిష్ చిత్రకారుడు ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన 'ద లాస్ట్ ఆఫ్ ఇంగ్లండ్' ఇది. ఇప్పుడు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉంది. బ్రిటన్ నుంచి వలస వెళ్లిన జనం గురించి పుస్తకం అచ్చేస్తే అట్ట మీద చాలాసార్లు ఇదే ఉంటుంది. ఎంతగా చూశామంటే, పందొమ్మిదో శతాబ్దంలో కాలనీలకి ఓడెక్కిన ఆడమనిషి అనగానే ఈ రిబ్బన్ల ఆవిడే గుర్తొస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. నిజంగా ఓడెక్కిన లక్షల మంది ఆడవాళ్లలో ఈమెలాంటి వాళ్లు ఒక రకం మాత్రమే. మిగతావాళ్లు ఎవరు, వాళ్లు పెద్ద కాన్వాసుల మీదికి ఎందుకు రాలేదు అన్నది తెలియాలంటే ముందు ఈ బొమ్మనే ఇంకాస్త విప్పి చూడాలి.

1851లో ఆస్ట్రేలియాలో బంగారం దొరికింది. మరుసటి ఏడు ఒక్కదాంట్లోనే మూడున్నర లక్షల మందికి పైగా బ్రిటన్ వదిలి వెళ్లారు. వాళ్లలో బ్రౌన్ స్నేహితుడు, శిల్పి థామస్ వూల్నర్ కూడా ఉన్నాడు. లండన్‌లో శిల్పాలు అమ్ముడుపోక, బంగారం తవ్వుకుందామని జూలైలో ఓడెక్కాడు. అతన్ని సాగనంపడంతోనే బ్రౌన్‌కి ఈ ఆలోచన తట్టింది. అప్పటికి బ్రౌన్ పరిస్థితి కూడా ఏమంత బాగాలేదు. చేతిలో డబ్బు లేదు, బొమ్మలు కొనేవాళ్లు లేరు, కాస్త మతి చలించినట్టుందని తర్వాత తనే రాసుకున్నాడు. అతనూ దేశం వదిలేద్దామనుకున్నాడు. ఎక్కడికనుకున్నారు? ఇండియాకి. రాలేదు లెండి. వచ్చుంటే ఈ బొమ్మ ఉండేది కాదేమో.

బొమ్మలో మొగుడు బ్రౌనే. పెళ్లాం అతని భార్య ఎమ్మా. శాలువా కింది బిడ్డ 1855 జనవరిలో పుట్టిన కొడుకు ఆలివర్. వెనక ఆపిల్ తింటున్న పిల్ల వాళ్ల కూతురు కేథీ. సముద్రం మీద మబ్బు పట్టిన రోజున వెలుగు ఎలా ఉంటుందో అలాగే రావాలని బ్రౌన్ ఆరుబయట, అదీ మబ్బురోజుల్లోనే గీశాడు. చలికి ఒళ్లు ఏ రంగు తిరుగుతుందో పట్టుకోవడానికి చలిరోజులే ఎంచుకున్నాడు. అంటే ఎమ్మా చలిలో గంటలకొద్దీ కదలకుండా కూర్చుంది. ఆ ఎర్ర రిబ్బన్లకే నాలుగు వారాలు పట్టిందని అతని డైరీలో ఉంది. ఆమెకి ఎన్ని జలుబులు పట్టాయో మాత్రం ఎవరూ లెక్కరాయలేదు. చివరికి డి. టి. వైట్ అనే డీలరు 150 పౌండ్లకి కొన్నాడు.

బ్రౌన్ 1865లో తన బొమ్మల ప్రదర్శన పెట్టి, కేటలాగులో ఒక్కోదానికీ వివరణ రాశాడు. దీని గురించి రాసిన నాలుగు మాటలు చాలు, మొత్తం గుట్టు బయటపడుతుంది. విడిపోవడంలో ఉన్న విషాదం పూర్తిగా చూపించాలని మధ్యతరగతి జంటని ఎంచుకున్నానన్నాడు. చదువూ సంస్కారం ఉన్నవాళ్లకే తాము ఏం వదులుకుంటున్నారో తెలుస్తుందట. చదువులేని మనిషికి ముఖ్యమైనవి తిండీ ఒంటిసుఖమూనట. మొగుడు తన ఆశలు అడుగంటినందుకు లోలోపల కుమిలిపోతున్నాడు. భార్య దుఃఖం అలాంటిది కాదు, చిన్నప్పటి స్నేహితులు నలుగుర్ని వదిలి వెళ్తున్నందుకు వచ్చిన బాధ, అంతే. ఎందుకంటే ఆమె ప్రేమ వలయం ఆమెతోపాటే కదులుతుంది అన్నాడు.

వలయం అన్నది ఊరికే వాడిన మాట కాదు. బొమ్మ ఆకారమే ఇంచుమించు గుండ్రం. గొడుగు గుండ్రం, టోపీ గుండ్రం, ఇద్దరి చేతులూ బిడ్డ చేతితో కలిసి ఇంకో గుండ్రం. మొగుడు, బిడ్డ, ఆమె. ఇల్లంటే అంతే, అది ఎక్కడికి కదిలితే ఆమె దేశం అక్కడికి కదులుతుంది. మన పెళ్లిళ్లలో అప్పగింతలు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పుట్టిల్లు వదిలేటప్పుడు ఏడవడం ఆమె వంతు, మెట్టినింట సర్దుకుపోవడమూ ఆమె వంతే. ఆమెకి దేశం, రాజకీయం, పోయిన ఉద్యోగం, చేజారిన పేరుప్రతిష్ఠలు ఇవేవీ బాధలు కావని అనేసుకుంటే సరిపోయింది. పైగా ఎమ్మా ఇటుకల మేస్త్రీ కూతురు. బ్రౌన్ దగ్గరికి మోడల్‌గా వచ్చింది, కేథీ పుట్టాక రెండున్నరేళ్లకి 1853లో పెళ్లయింది. చదువులేనివాళ్లకి అంత లోతైన బాధ ఉండదని రాసినాయన, ఆ లోతైన బాధని ఒక మేస్త్రీ కూతురి మొహంలోంచే తీసుకున్నాడు.

బ్రౌన్‌ని మాత్రమే పట్టుకుని కడిగేయడం నా ఉద్దేశం కాదు. ఆ మాటకొస్తే తన తరంలో వలస గురించి ఇంత నిజాయితీగా గీసినవాళ్లు తక్కువ. జంట వెనక ఒక తాగుబోతు వదిలి వచ్చిన ఒడ్డుకి పిడికిలి చూపిస్తున్నాడు. అతని తల్లి వద్దురా అంటోంది. పడవ మీద ఓడ పేరు 'ఎల్డొరాడో' అని రాసి ఉంది, ఎవరూ కనుక్కోలేని బంగారు దేశం పేరు. ఆ వెటకారం అందరికీ చేతకాదు.

మిగతావాళ్లు దాదాపుగా మూడు రకాల బొమ్మలు గీశారు. ఒకటి, కొండ మీదనుంచో ఒడ్డునుంచో ఊరిని ఆఖరిసారి చూసుకునే కుటుంబం. రిచర్డ్ రెడ్‌గ్రేవ్ 1858లో గీసినది అలాంటిదే. పచ్చటి సర్రే లోయ, తండ్రి ముందు నిలబడి చెయ్యెత్తి ఊపుతుంటాడు. విలియం ఆల్స్‌వర్త్ 1844లో న్యూజీలాండ్ వెళ్లే స్కాట్లాండ్ కుటుంబాన్ని గీశాడు. రెండోది, ఉత్తరం. థామస్ వెబ్‌స్టర్, జేమ్స్ కాలిన్సన్ ఇద్దరూ కాలనీ నుంచి వచ్చిన జాబు చుట్టూ మూగిన ఇంటివాళ్లని గీశారు. ఇందులో వెళ్లిన మనిషి అసలు కనపడడు. మూడోది, మగవాడు వెళ్తుంటే మిగిలిపోయే ఆడవాళ్లు. 1854లో ఏబ్రహామ్ సాలమన్ గీసిన సెకండ్ క్లాస్ రైలుపెట్టె బొమ్మలో కొడుకు ఓడెక్కడానికి పోతుంటే తల్లి, అక్క పక్కన కూర్చుంటారు. వెనక చెక్కకి ఆస్ట్రేలియా వెళ్లే ఓడల పోస్టర్లు అంటించి ఉంటాయి. హెన్రీ ఓనీల్ 1858లో ప్రదర్శించిన 'ఈస్ట్‌వర్డ్ హో!' బొమ్మలో సైనికుల పెళ్లాలూ తల్లులూ కన్నీళ్లతో ఓడ నిచ్చెన దిగుతుంటారు. లండన్ జనం ఎగబడి చూశారు. ఆ ఓడ వెళ్లేది మన దగ్గరికే, 1857 తిరుగుబాటు అణచడానికి. ఆ ఆడవాళ్ల కన్నీళ్లు చూస్తూ తెలుగు పాఠకులు ఏమనుకోవాలో వాళ్లకే వదిలేస్తాను.

మూడు రకాల్లోనూ ఆడమనిషి ఉంది. మొగుడి పక్కన భార్యగా, ఉత్తరం వినే తల్లిగా, నిచ్చెన దిగే ప్రియురాలిగా. ఒంటరిగా టికెట్టు పట్టుకుని ఓడ మెట్లెక్కే అమ్మాయి మాత్రం నేను చూసిన పెద్ద బొమ్మల్లో ఎక్కడా మధ్యలో నిలబడలేదు.

నిజానికి ప్రభుత్వం వెతికి వెతికి, ఖర్చుపెట్టి పంపింది ఆ అమ్మాయినే. ఎందుకో లెక్క తేలికే. ఆస్ట్రేలియాకి మొదట వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఖైదీలు, వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఆ తర్వాత గొర్రెల మందలకీ గనులకీ వెళ్లింది కూడా ఎక్కువగా మగవాళ్లే. ఇంగ్లండ్‌లో చూస్తే ఆడవాళ్లు ఎక్కువ, పెళ్లికానివాళ్లు ఎక్కువ, వాళ్లకి దొరికే పనులేమో రెండో మూడో. 1831 నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో భూముల్ని అమ్మగా వచ్చిన సొమ్ములోంచి ఆడవాళ్ల ఓడ ఖర్చుకి సాయం చేయడం మొదలైంది. ఎవరి భూములంటే, వేల ఏళ్లుగా అక్కడే ఉన్న ఆదివాసుల భూములు. వాళ్లని అడిగి అమ్మినవి కావు. ఒడ్డు దగ్గర కన్నీళ్లు పెట్టించే ఈ బొమ్మలన్నీ అవతలి ఒడ్డు రాకముందే ఆగిపోతాయి కాబట్టి ఆ ప్రశ్న చూసేవాళ్లకి రానే రాదు.

1862లో డబ్ల్యూ. ఆర్. గ్రెగ్ అనే రచయిత ఆడవాళ్లు ఎందుకు మిగిలిపోతున్నారని ఒక వ్యాసమే రాశాడు. జనాభా లెక్కలు ముందేసుకుని, ఇక్కడ ఎక్కువైనవాళ్లని లక్షల సంఖ్యలో కాలనీలకి తరలిస్తే రెండు చోట్లా సమతూకం వస్తుందన్నాడు. ధాన్యం బస్తాల గురించి మాట్లాడినట్టే ఉంటుంది.

వెళ్లినవాళ్లలో ఐర్లండ్ అనాథపిల్లల సంగతి కాస్త దగ్గరగా చూడాలి. బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చాక పేదల ఆశ్రయశాలలు పిల్లలతో నిండిపోయాయి. మంత్రి ఎర్ల్ గ్రే పథకం కింద 1848 నుంచి 1850 దాకా నాలుగు వేల మందికి పైగా టీనేజీ ఆడపిల్లల్ని ఆస్ట్రేలియా పంపారు. ఒక్కో పిల్లకి ఒక చెక్కపెట్టె ఇచ్చారు. అందులో ఆరు లోచొక్కాలు, రెండు ఫ్లానెల్ లోపావడాలు, ఆరు జతల మేజోళ్లు, రెండు జతల బూట్లు, రెండు గౌన్లు. వాళ్లలో చాలామందికి పుట్టాక సొంతమంటూ దొరికిన మొదటి సామాను అదే అయ్యుంటుంది. సిడ్నీలో దిగినవాళ్లని హైడ్ పార్క్ బ్యారక్స్‌లో ఉంచి, అక్కడినుంచి ఇళ్లలో పనికి కుదిర్చేవాళ్లు. ఆ భవనం ఇప్పటికీ ఉంది, కరువు జ్ఞాపకార్థం కట్టిన గోడ కూడా ఉంది.

ప్రభుత్వ ఓడల్లో ఏర్పాటు ఇలా ఉండేది. పెళ్లికాని మగవాళ్లు ముందు భాగంలో, పెళ్లికాని ఆడవాళ్లు వెనక భాగంలో, మధ్యలో అడ్డుగోడలా సంసారులు. ఆడపిల్లల మీద కాపలాకి ఒక మేట్రన్, అందరి మీదా ఒక డాక్టరు. పొద్దుగూకితే కింది గదుల్లోకి పంపి తలుపు తాళం వేసేవాళ్లు. మూడు నాలుగు నెలలు ఇదే బతుకు. హాస్టల్లో చదువుకున్న ఆడపిల్లలకి ఇదంతా బాగా తెలిసినట్టే అనిపిస్తుంది. తేడా ఏంటంటే, ఇది ఊగే హాస్టలు, సెలవులకి ఇంటికెళ్లడం ఉండదు.

ఈ తాళం వెనకున్న భయమే బొమ్మలు రాకపోవడానికి ముఖ్య కారణం అని నా అంచనా. ఒంటరి ఆడపిల్ల ఓడెక్కిందంటే 'మంచిదేనా' అన్న ప్రశ్న ఆమెకంటే ముందే రేవు చేరేది. అక్కడి పత్రికలు ఓడ దిగిన అమ్మాయిల నడవడి మీద పేజీలు నింపేవి. ఇంగ్లండ్‌లో బొమ్మలు కొనే పెద్దమనుషులు వాటిని డ్రాయింగు రూములో తగిలించుకుంటారు. రిబ్బన్ల ఆవిడని తగిలించుకోవచ్చు, పక్కన మొగుడున్నాడు. ఆశ్రయశాల పిల్లని తగిలించుకుంటే వచ్చే చుట్టాలకి ఏం చెప్పాలి?

దీనికి రెడ్‌గ్రేవ్ కంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆయన 1840ల్లో రెండు బొమ్మలతో పేరు తెచ్చుకున్నాడు. ఒకటి, తెల్లవార్లూ దీపం ముందు చొక్కాలు కుడుతూ కళ్లు పోగొట్టుకుంటున్న కుట్టుపనిమనిషి. రెండు, నల్లబట్టలేసుకుని ఇంటినుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని కూర్చున్న గవర్నెస్, అంటే పెద్దింట్లో పిల్లలకి పాఠాలు చెప్పే పేద టీచరమ్మ. తర్వాత జరిగింది చూడండి. 1849లో సిడ్నీ హెర్బర్ట్ అనే పార్లమెంటు సభ్యుడు నిధి పోగుచేసి కాలనీలకి పంపించింది సరిగ్గా కుట్టుపనివాళ్లనే. 1862లో మరియా రై అనే ఆవిడ తోటివాళ్లతో కలిసి సంఘం పెట్టి, ఓడ ఖర్చులకి అప్పిచ్చి పంపింది సరిగ్గా గవర్నెస్‌లనే. ఆ గవర్నెస్‌లు తిరిగి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రెడ్‌గ్రేవ్ ఈ ఇద్దర్నీ గదిలో ఏడుస్తుండగా గీశాడు. వలస బొమ్మ గీయాల్సిన రోజు వచ్చేసరికి మాత్రం భార్యాబిడ్డలతో ఒక కుటుంబ పెద్దని కొండ మీద నిలబెట్టాడు. గదిలో కూర్చున్న ఆడది జాలికి పనికొస్తుంది. అదే మనిషి పెట్టె సర్దుకుని లేచి నిలబడితే ఏ రంగు వాడాలో తెలియలేదు.

కెరొలిన్ చిజమ్ ఈ సంగతి పసిగట్టిన మనిషి. ఆమె పని మొదలైంది మద్రాసులో. భర్త కంపెనీ సైన్యంలో ఆఫీసరు. 1832లో మద్రాసు వచ్చి, రెండేళ్లకి యూరోపియన్ సిపాయిల కూతుళ్లకి పనులు నేర్పే బడి పెట్టింది. 1838లో భర్త సెలవు మీద సిడ్నీ వెళ్తే, రేవు దగ్గర దిక్కుతోచక తిరుగుతున్న ఓడ దిగిన పిల్లలు కనిపించారు. 1841లో వాళ్లకోసం వసతిగృహం తెరిచి, ఊళ్లవెంట తీసుకెళ్లి పనుల్లో పెట్టింది. లండన్ తిరిగొచ్చాక 1849లో ఆమె పెట్టిన సంఘం పేరులోనే కుటుంబం అన్న మాట ఉంది. ఒంటరి అమ్మాయిని ఏదో ఒక సంసారానికి జతచేసి గానీ ఓడెక్కించేది కాదు. పాదిరీలూ బడిపంతుళ్లూ ఎంతమంది వెళ్లినా కాలనీ బాగుపడదని, భార్యలూ పిల్లలే అక్కడ 'దేవుడి పోలీసులు' అని ఒక పెద్దమనిషి అన్న మాటని తన కరపత్రంలో మెచ్చుకుంటూ రాసింది. ఆమె మంచిది, సందేహం లేదు. అమ్మాయిల్ని కాపాడాలంటే వాళ్ల చుట్టూ సంసారం అనే వలయం గీయక తప్పదని ఆమెకి తెలుసు. బ్రౌన్ గీసిన వలయమే ఈమె ఓడల మీద కట్టింది. 1967లో వచ్చిన ఆస్ట్రేలియా అయిదు డాలర్ల నోటు మీద ఆమె బొమ్మే ఉండేది.

శతాబ్దం చివరికి వచ్చేసరికి గాలి మారింది. సూయెజ్ కాలువ తెరిచారు, స్టీమర్లు వచ్చాయి, నెలలు వారాలయ్యాయి. టామ్ రాబర్ట్స్ 1886లో గీసిన 'కమింగ్ సౌత్' బొమ్మలో స్టీమర్ డెక్ మీద జనం ఊరికే కూర్చుని ఉంటారు. ఎవరూ చేతులు ఊపరు, ఏడవరు. నాకైతే బస్టాండులో బస్సు కోసం చూసే జనంలా కనిపిస్తారు, వలస మీద వచ్చిన బొమ్మల్లో నాకు ఎక్కువ నచ్చేది అందుకే. రాబర్ట్స్‌కి ఆ డెక్ కొత్త కాదు. తండ్రి పోయాక 1869లో పదమూడేళ్ల వయసులో తల్లి వెంట ఆస్ట్రేలియా వచ్చాడు. పిల్లల్ని వెంటేసుకుని మొగుడి తోడు లేకుండా ఓడెక్కిన ఆడమనిషి కొడుకతను.

అదే కాలంలో మన రేవుల నుంచి కూడా ఓడలు వెళ్తున్నాయి. కాకినాడ దగ్గర కోరంగి పేరు మీదుగా మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లని కోరంగీలు అనేవాళ్లు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది, చెరుకుతోటల్లో కూలి ఒప్పందం మీద. ఆ తర్వాత మధ్యలో కొన్నేళ్లు ఆగినా, యాభై ఏళ్ల పాటు మద్రాసు నుంచీ కలకత్తా నుంచీ ఓడలు వెళ్లాయి, వాటిలో తెలుగువాళ్లు చాలామంది. ఆడవాళ్ల విషయంలో ఇక్కడా లెక్కే. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లు ఉండాలని తర్వాత రూలు పెట్టారు. ఆ నలభైమంది కుదిరితేగానీ ఓడ కదలదు కాబట్టి ఏజెంట్లు టెన్షన్ పడేవాళ్లు. వితంతువులూ, మొగుడు వదిలేసినవాళ్లూ, ఇంట్లోంచి బయటికొచ్చేసినవాళ్లూ దొరికేవాళ్లు. గ్రెగ్ వ్యాసంలో మిగిలిన ఆడవాళ్లకీ ఏజెంటు జాబితాలో తక్కువపడిన ఆడవాళ్లకీ మధ్య చర్మం రంగు, ఒప్పందం కాగితం అడ్డున్నాయి. కూడికా తీసివేతా ఒకటే.

మద్రాసు రేవులో వీళ్లని సాగనంపే దృశ్యం గీసిన పెద్ద చిత్రకారుడెవరూ లేడు. తర్వాత్తర్వాత ట్రినిడాడ్ లాంటి చోట్ల స్టూడియో ఫొటోగ్రాఫర్లు ఒంటినిండా వెండినగలతో ఉన్న భారతీయ స్త్రీలని నిలబెట్టి ఫొటోలు తీశారు, వాటిని పోస్టుకార్డులుగా అమ్మారు. కార్డు మీద పేరుండేది కాదు, కూలీ స్త్రీ అని ఉండేది.

పేర్లున్నది ఓడ రిజిస్టర్లలో. డర్బన్ ఉన్న నేటాల్ కాలనీకి వెళ్లిన ఒక్కొక్కరికీ ఒక వరస కేటాయించి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు రాశారు. ఒంటి మీద గుర్తులు కూడా రాశారు, మన టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టు. ఊరి పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడ్డాయి. కొన్నిటిని గట్టిగా పైకి చదివితేగానీ ఏ ఊరో తట్టదు. తల్లి వరస కింద చంటిపిల్లలకి విడిగా ఇంకో వరస, వాళ్లకీ ఒక నంబరు, ఒక పేరు.